వాల్‌నట్‌లో గోడ లేదు

లూసీకి కోపం వస్తే మాట రాదు, కేక్ వస్తుంది. నోవై అనే ఊళ్లో కార్ల విడిభాగాలను పరీక్షించే ఉద్యోగం ఆవిడది. పద్దెనిమిదేళ్లుగా ఒక్క లోపాన్నీ చూసీచూడనట్టు వదిలిపెట్టలేదు. అందుకే చర్చి వంటగదిలో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం అందరికంటే ముందు ఆవిడ కంట్లోనే పడింది: "ఫారిన్ గ్రూప్ కింది అర మాత్రమే వాడాలి."

ఆ తెల్లవాళ్ల చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధనకు హాలు అడిగి సంపాదించింది లూసీయే. మంచులో కారు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి నలభై కుటుంబాలను పోగేసిందీ ఆవిడే. ఎంతమంది పిల్లలు ఆ హాల్లోనే నడక నేర్చుకున్నారో! అయినా ఇంకా ఫారినేనా? మనసు చివుక్కుమంది. వారం తిరిగేసరికి ఆరాధనకి ఒక స్కూలు జిమ్ హాలు చూసి వచ్చింది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఇక్కడి నుంచి వెళ్లిపోదామని పాస్టరుగారికి చెప్పేస్తానని భర్త ఆనందబాబుతో అంది. ఆయన తలూపాడు. ఆ ఇంట్లో తలూపడం ఆయన శాఖ.

ఆదివారం రానే వచ్చింది. ఆరాధన అయ్యాక లూసీ వంటగదిలో వాల్‌నట్ కేక్ కోస్తూ, చుట్టూ మూగిన సండేస్కూలు పిల్లలకి సగం ఇంగ్లీషులో పాఠం చెబుతోంది. గోడలాంటి పెంకు ఉంటుంది కాబట్టే దాన్ని వాల్ నట్ అన్నారట. తెలుగులో రాసుకుంటే మరి అలాగే కనిపిస్తుంది.

కప్పులు కడుగుతున్న గ్వెన్ నవ్వింది. ఎనభై ఏళ్ల ఆ పెద్దావిడే అక్కడి వంటగదికి పెత్తందారు. గోడ కాదంది. ఇంగ్లీషువాళ్ల పాత భాషలో ఆ ముందు ముక్కకి పరాయివాడని అర్థమట, అంటే అది పరాయిదేశపు కాయ. వేల్స్ నుంచి వచ్చిన తన నాయనమ్మవాళ్లకీ ఆ మాటే తగిలించి వెల్ష్ అన్నారట, ఇంగ్లీషువాళ్లకంటే ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నది వాళ్లే అయినా. అసలది ఏదో కెల్టిక్ తెగ పేరేనంటారు. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులైన జర్మన్ జాతుల నోట పడి పరాయివాళ్లందరికీ పేరైపోయింది.

లూసీ చేతిలో కత్తి ఆగింది. "మరి మీవాళ్లు తమని ఏమనుకునేవారు?"

"కమ్రీ."

లూసీకి అది తనని కుమారి అన్నట్టు వినిపించింది. తనకి పెళ్లయి పాతికేళ్లు దాటిందని చెప్పి, కుమారి అంటే ఏమిటో వివరించింది. గ్వెన్ పడీపడీ నవ్వి, కమ్రీ అంటే ఒకే నేల మీద కలిసి బతికేవాళ్లని చెప్పింది.

"అంటే మనవాళ్లు," అంది లూసీ తెలుగులో. ఆవిడ చూపు ఫ్రిజ్ మీదికి పోయింది.

గ్వెన్ కూడా అటే చూసింది. ఆ కాగితం మీది దస్తూరీ గ్వెన్‌దే. ఆవిడ ముఖం పాలిపోయింది.

"మా నాయనమ్మ చూసుంటే నన్నీ వంటగదిలోంచి తరిమేసేది," అంటూ కాగితం ఊడబీకి, తిరగేసి, పెన్నుతో సహా లూసీకి ఇచ్చింది. "ఇందాక నువ్వన్న మాట మీ అక్షరాల్లో రాయి."

లూసీ పెన్ను అందుకుంది. కళ్లు చెమర్చాయి. అక్షరాలు వంకరగా వచ్చినా, మనవాళ్లు అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

అప్పుడే పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి, నాతో ఏదో మాట్లాడాలన్నారట, ఏమిటి సిస్టర్ అని అడిగారు.

"ఏం లేదండీ అయ్యగారూ," అంది లూసీ. "పెరుగు గిన్నె పై అరలో పెడుతున్నా."