మగ్గం గుంత మీద స్పోర్ట్స్ కారు

ఆ కారును చూస్తేనే నాగరాణికి ఒళ్లు మండేది. ఎర్ర రంగు, రెండే తలుపులు, వెనక రెక్కలాంటి తోక, నేలకు జానెడెత్తులో పొట్ట. అట్లాంటిది హైదరాబాదులో పెద్దోళ్ల బంగళా ముందు ఉంటే అందం. చౌటుప్పల్ అవతల పల్లెలో, పద్మశాలీల వాడలో, మగ్గం ఉండాల్సిన గదిలో ఉంటే ఏమందం? దాన్ని అమ్మాలి, ఆ జాగాలో మళ్లీ మగ్గం దించాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

ఆమె పెనిమిటి పరశురాములు చిటికి కట్టడంలో పేరు మోసినవాడు. నూలు పోగులకు సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో ముడులు వేసి రంగులో ముంచితే, ముడి కింద తెలుపు తెలుపుగానే నిలుస్తుంది. ఆ పోగుల్ని నేస్తే చీర మీద పువ్వో ఏనుగో లేస్తుంది. పరశురాములు కట్టిన చిటికి అంటే సేట్లు మారుమాట లేకుండా తీసుకునేవాళ్లు. అట్లాంటి మనిషికి, తెలంగాణ వచ్చాక, రోడ్డు పక్కన ఉన్న తాతలనాటి జాగాకు రేటు పలికింది. అమ్మేశాడు. ట్రాలీ ఆటో కొంటానని పట్నం పోయి, సాయంత్రానికి ఈ కారులో దిగాడు. వాడకట్టంతా చప్పుడుకు బయటికి వచ్చి నిలబడింది.

అంతకుముందు ఎవరో శ్రీమంతుల పిల్లగాడు దాని ఇంజను విప్పించి టర్బో పెట్టించాడట. సైలెన్సర్ మార్పించి, పొట్ట కిందికి దింపించి, తోక తగిలించి, మోజు తీరాక వదిలించుకున్నాడు. ఉన్న హంగులు చాలవన్నట్టు పరశురాములు కూడా ఓ చెయ్యి వేశాడు. చక్రాల్లో నీలం లైట్లు, పెళ్లికొడుకు నిలబడటానికి సీటు వెనక ఇనుప గద్దె. టాపు తీసేసే కారు కదా, బరాత్‌లకు కిరాయికి ఇస్తే జనం ఎగబడతారని ఆయన లెక్క. ఎగబడ్డారు కూడా, మొదట్లో. కానీ అది గాలిలా పోవడానికి పుట్టిన బండి. బ్యాండుమేళం వెనక చీమలా నడవమంటే ఇంజను కుతకుతలాడేది. నకిరేకల్లో ఒక పెళ్లిలో బానెట్ నుంచి పొగ లేచి, పెళ్లికొడుకు దిగి నడుచుకుంటూ ఫంక్షన్ హాలుకు పోయాడు. ఆ తర్వాత ఒక్కడు పిలిస్తే ఒట్టు.

ఇక టాపు సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. కారు మీది మడత టాపు చినిగి ఉండేది. అసలుది మన దగ్గర దొరకదు. గుడ్డే కదా, నేసేవాడికి ఇంకొకడి గుడ్డ ఎందుకనుకున్నాడు మహానుభావుడు. అప్పుడు నాగరాణి తల్లికి బాగాలేక నారాయణపురంలో ఉంది. ఆమె లేని ఆ కొన్నాళ్లలో ఈయన దొడ్డు నూలుకు చిటికి కట్టి, ఎర్ర రంగులో ముంచి, తానే నేసి, దర్జీతో కుట్టించి కారుకు బిగించాడు. బిర్రుగా నిలబడాలని గంజి తియ్యకుండానే బిగించాడు. మొదటి వానకే అది మెత్తబడి వేలాడింది, సీట్ల మీద గంజి ధార కట్టింది. కారుకు గంజి పెట్టినవాడు భూమ్మీద ఇంకొకడు ఉండడని నాగరాణి ఊరంతా వినబడేటట్టు తిట్టింది.

అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. తల్లిగారింటి నుంచి వచ్చేసరికి మగ్గం విప్పి అటకెక్కించాడు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతలో మొరం పోసి, దిమ్మిస కొట్టి, దాని మీద కారు నిలబెట్టాడు. వానకు తడుస్తుంది, కొన్నాళ్లే అన్నాడు. ఆ కొన్నాళ్లు ఏండ్లయ్యాయి. నాగరాణి ఇప్పుడు రోజూ బాలనర్సమ్మ ఇంటికి పోయి కూలికి నేస్తోంది. కాళ్లు గుంతలో పెట్టుకుని కూర్చున్న దగ్గర్నుంచి లేచేదాకా ఆ ఇంటావిడ మాట తప్పదు. ఇంట్ల అంత పెద్ద కారు పెట్టుకోని నీకేం తక్కువనే, షోకుకు నేస్తున్నవు గాని, అంటుంది. నాగరాణి ఏమీ విననట్టు మగ్గం పలకను ఇంకా గట్టిగా కొట్టేది.

చివరికి ఆమే నడుం కట్టింది. బిడ్డ హారికను కూర్చోబెట్టి ఫోటోలు తీయించి ఫోన్లో అమ్మకానికి పెట్టించింది. ఇక చూడాలి ఆ తమాషా. ఫోను మోగని గంట లేదు, కొనేవాడు ఒక్కడు లేడు. లీటరుకు ఎంతిస్తదని ఒకడు. బానెట్ మీద కూర్చుని రీల్స్ తీసుకుని, చాయ్ తాగి పోయిన గుంపు ఒకటి. నార్కట్‌పల్లి నుంచి వచ్చిన రియల్ ఎస్టేట్ ఆయనైతే కారుకు బదులు గుట్ట పక్కన ప్లాటు ఇస్తానన్నాడు. ఉన్న జాగా అమ్మి కారు కొంటిమి, కారు ఇచ్చి గుట్ట కొనాల్నా అని ఆమె మొహం మీదే అడిగింది.

నిజంగా కొనేవాడు మహబూబ్‌నగర్ నుంచి వచ్చాడు. శ్రీకాంత్ అని కాంట్రాక్టరు కొడుకు. కారును చూడగానే వాడి కళ్లు మెరిశాయి. నాగరాణి లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చేలోపు పరశురాములు వాడిని పక్కకు తీసుకుపోయి మొత్తం విప్పి చెప్పేశాడు. ఊళ్లో ఏ స్పీడు బ్రేకరూ దాటదని, వేడెక్కుతుందని, సామాను దొరకదని, ఇంకేదన్నా మంచి బండి చూసుకొమ్మని. ఆ పిల్లగాడు దండం పెట్టి పోయాడు. నాగరాణి చేతిలో చాయ్ చేతిలోనే ఉండిపోయింది.

"అబద్ధం చెప్పి అమ్మాల్నానే?" అన్నాడు పరశురాములు.

"కొన్ననాడు యాడికి పోయింది నీ సత్యం?"

ఆయన గుడ్డ తీసుకుని కారు గదిలోకి పోయాడు. నల్లగొండ నుంచి వచ్చినాయనకైతే ఉన్నట్టుండి రేటు పెంచి చెప్పి తరిమేశాడు. ఏం మనిషివయ్యా నువ్వు, నా ఉసురు పోసుకోవడానికే పుట్టినవా అని ఆమె తల కొట్టుకుంది. కారు మీద ఇంత ప్రేముంటే నడపాలి కదా, అదీ లేదు. పొద్దస్తమానం గదిలో దాని పక్కన కూర్చుని తుడవడమే పని.

ఆఖరికి అశోక్‌కుమార్ అని హైదరాబాదులో పాత కార్ల వ్యాపారి వచ్చాడు. కాయితాల్లో ఒక బండి ఉంది, ఇంట్లో ఇంకో బండి ఉంది, ఇట్లాగైతే పేరు మారదు, పైనుంచి పెట్టినవన్నీ పీకేయండి, ఆ చీర టాపు కూడా తీసేయండి, నేను నల్ల టాపు వేయించుకుంటా అన్నాడు. శుక్రవారం తన లారీ వస్తుందని, అప్పటికి సిద్ధం కాకపోతే ఇంకో కారు ఎక్కించుకుని పోతానని ముందే చెప్పాడు. పరశురాములు మెకానిక్‌ను పిలిపించి తోక, లైట్లు, గద్దె, సైలెన్సర్ అన్నీ తీయించాడు. టాపు మాత్రం ముట్టనివ్వలేదు. నేను తీస్త, రేపు తీస్త అంటూ గురువారం దాకా తెచ్చాడు. నాగరాణికి ఓపిక చచ్చిపోయింది. ఆయన చెరువు దిక్కు పోయినప్పుడు బ్లేడు తీసుకుని కారెక్కి తానే కుట్లు కోసింది.

గుడ్డను వాకిట్లో ఎండలో పరిచి, దాని వంక ఆమె మొదటిసారి సరిగ్గా చూసింది. ఇన్నాళ్లూ కోపంతో అటు తలెత్తి చూడనే లేదు. తెల్లగా ఉండాల్సిన చుక్కలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. వానకు రంగు దిగిందని ఆయన అనేవాడు, ఆమె నమ్మింది. ఇప్పుడు దర్జీ మడిచి కుట్టిన అంచు విప్పి చూసింది. నీళ్లు తగలని ఆ మడతలోనూ అదే గులాబీ. రంగు పైనుంచి కారింది కాదు, పోగు వెంట రెండు వైపుల నుంచీ ముడి కిందికి పాకింది. ముడి వదులైతే తప్ప అట్లా పాకదు. పరశురాములు చేతి ముడి వదులవడమేంటి? పట్టీ బిగించి లాగితే వేలికి కాయ కాసేదాకా లాగే మనిషి ఆయన.

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే తట్టింది. ఆయన గుండీల అంగీ మానేసి టీషర్టులు వేస్తున్నాడు. కారు వచ్చి కుర్రతనం వచ్చిందని ఈమె ఎగతాళి చేసింది. పల్లీలు ఒలుచుకోడు, చెప్పులకు పట్టీ పెట్టుకోడు. స్టీరింగు పట్టడానికి అరచేతులు చాలు. ఆ గుడ్డను ఒడిలో పెట్టుకుని అరుగు మీద కూలబడింది. ఆయన వచ్చి చూసి, దూరంగా నిలబడిపోయాడు.

"ఎప్పటిసంది?" అని అడిగింది.

"నువ్వు మీ అమ్మ కాడికి పోకముందు నుంచే. వేళ్లు మొద్దుబారినయి. దవాఖానల నరాల సంగతి అన్నరు, మళ్ల రావన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"మగ్గముంటే ఎవ్వలన్న వచ్చి చిటికి కట్టమంటరు. కారుంటే గా మాట రాదు. గిప్పుడు కారాయన అంటున్నరు. కారు పోతే నన్నేమంటరే?"

నాగరాణికి ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఒక్క మాట చెబితే అయిపోయేదానికి తనను ఇన్నేండ్లు పరాయి గుంతలో కూర్చోబెట్టాడు. ఆ మాట మొహం మీదే అనేసింది. శుక్రవారం లారీ వచ్చి కారును ఎక్కించుకుని పోయింది. వీధి చివరిదాకా ఆయన దాని వెంట నడిచి, మెల్లగా తిరిగి వచ్చాడు. ఆమె అప్పటికే పార పట్టుకుని గుంతలో మొరం తవ్వుతోంది. కాసేపు చూసి, ఆయన తట్ట పట్టుకున్నాడు. వేళ్లు పట్టకపోతే తట్టను రొమ్ముకు ఆనించి, రెండు ముంజేతులతో మోశాడు.

మగ్గం దిగాక ఆమె చాలా కాలం తర్వాత సొంతింట్లో నూలు సాగదీసి కూర్చుంది. పెండ్లయిననాటి నుంచి కండెలు చుట్టింది, నేసింది. చిటికి మాత్రం ఎప్పుడూ ఆయనదే. రబ్బరు పట్టీ తీసుకుని, తనకు తోచినట్టు మొదటి ముడి వేసింది. పరశురాములు గడప మీద నుంచి లేచి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, పంటితో ఆ పట్టీ కొస పట్టి లాగి చూశాడు.

"లూజున్నది. ఇప్పు," అన్నాడు.

ఆమె ఆయన వైపు కోపంగా చూసింది. అయినా విప్పింది. మళ్లీ కట్టింది.

"ఇంకా లూజే," అన్నాడు.