గడియారం లేని బట్టీ

మా వదిన బిస్కెట్లు చేస్తుంది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే చాలామందికి సరిపోతుందేమో, నాకు సరిపోదు. బిస్కెట్లు ఎవరైనా చేస్తారు. చలికాలంలో మా వదిన చేసే మసాలా బిస్కెట్లు మాత్రం తినకముందే మనిషిని పట్టుకుంటాయి. నలభై ఏళ్ళు ఆవిడ పక్కన కూర్చుని అక్రోటు పప్పు తరిగినదాన్ని. ఆవిడ గురించి నేను కాక ఇంకెవరు రాస్తారు? నా అక్షరాలు కాస్త వంకరగా వస్తాయి, మాటలు మాత్రం వంకర పోవు.

మా ఇంటి వీధిగది మొత్తం బట్టీయే. వెనకగోడలో ఇటుకల పొయ్యి, మధ్యలో పొడుగాటి బల్ల, వీధివైపు ఒక కిటికీ. ఆ కిటికీలోంచే అమ్మకం. గోడకు గడియారం ఉండదు. మా అన్నయ్య బతికుండగా ఒకటి కొనుక్కొచ్చి మేకు కొట్టి తగిలిస్తే, వారం తిరక్కుండా వదిన దాన్ని దించేసింది. “పన్నెండు నిమిషాలట! పప్పుకి నిమిషాలు లెక్కపెట్టడం వచ్చా?” అంది. అన్నయ్య ఆ మేకు కూడా పీకేశాడు. ఆవిడ మాట ఎప్పుడు కాదన్నాడు గనక.

పిండి ముందురోజే కలిపి, తడిబట్ట కప్పి, చల్లటి మూలన మర్నాటిదాకా వదిలేస్తుంది. వెన్న, నల్లబెల్లం, మసాలాపొడి ఒకదాన్నొకటి అర్థం చేసుకోవడానికి ఆమాత్రం వ్యవధి కావాలంటుంది. తెల్లారాక పిండి ఒత్తి, గుండ్రంగా కోసి, పైన పాలు రాసి, నేను తరిగిన అక్రోటు పలుకులు అద్దుతుంది. తరగడమంటే చాకు ఆడించడం కాదు. తరిగాక జల్లించాలి. పొడి మిగిలితే పొయ్యిలో అదే ముందు మాడి, పలుకులన్నిటికీ చేదు అంటిస్తుంది. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. వదిన ఒప్పుకోదు, అది వేరే సంగతి.

మసాలా మాత్రం నన్ను ముట్టనిచ్చేది కాదు. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి, రెండు మిరియాలు. కొలత లేదు, కాగితం లేదు. రోట్లో నూరుతూ, మధ్యమధ్య చిటికెడు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు పిలిచినా పలికేది కాదు, ఎక్కడికో వెళ్ళి వచ్చేది. ట్రేలు తీయడం కూడా ముక్కుతోనే. బల్ల దగ్గర కునికిపాట్లు పడుతున్న మనిషి ఉన్నట్టుండి లేచి “పిలిచింది” అనేది. పప్పు పిలిచిందట! తీసి చూస్తే పలుకులు తేనెరంగులో ఉండేవి.

ఆ వాసన మంచులో పడి, మెల్లగా నడుచుకుంటూ వీధంతా తిరిగేది. ముసుగుతన్ని పడుకున్నవాళ్ళ నిద్రలోకి దూరేది. పక్కింటి దర్జీ కిటికీ దగ్గరకొచ్చి, “అమ్మగారూ, ఇందాక కలలో నేను ఏదో పెద్ద ఇంట్లో తిరుగుతున్నానండి. గదులన్నీ వెచ్చగా ఉన్నాయి. ఎవరిదో తెలీదు గానీ నన్నెవరూ పొమ్మనలేదు” అనేవాడు.

“ఊడవమనలేదా?” అనేదాన్ని నేను.

కిందటి చలికాలం మొదట్లో వదినకు జ్వరం వచ్చింది. పది రోజులుండి పోయింది. పోతూ పోతూ ఆవిడ ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా.

లేచిన మొదటి రోజునే మసాలా నూరుతూ, “ఈ లవంగాలు పాతవే. ఘాటు చచ్చింది. ఆ కొట్టువాడు మనల్ని పిచ్చివాళ్ళనుకుంటున్నాడు” అని వాణ్ణి తిట్టిపోసి, ఇంకో గుప్పెడు వేసింది. నేనూ రెండు తిట్లు కలిపాను, ఊరికే ఎందుకు వదలాలని. గది నిండా లవంగం కమ్ముకుని నా కళ్ళు చెమరుస్తూనే ఉన్నాయి. కానీ ఆవిడ మాట కాదని నా ముక్కును నమ్మే అలవాటు నాకు అప్పటికి లేదు.

ఆ బిస్కెట్లు తిన్న దర్జీ మర్నాడు దవడ పట్టుకుని వచ్చాడు. “ఎలా ఉన్నాయయ్యా?” అంది వదిన.

“బాగున్నాయమ్మగారూ. నెలరోజులుగా పన్ను సలుపండి. పొద్దున్నించి దాని జాడ లేదు. నాలిక జాడా లేదనుకోండి.”

నేను పడీపడీ నవ్వాను. వదిన నవ్వలేదు.

మూడో రోజు ట్రే పొయ్యిలో ఉంది. వదిన పక్కనే నిలబడి, మంచు పట్టిన కిటికీ వైపు చూస్తోంది. నాకు మాడు వాసన తగిలింది. “వదినా!” అన్నాను. ఆవిడ పొగ వచ్చి కళ్ళు మండితే గానీ కదల్లేదు. పలుకులన్నీ బొగ్గులయ్యాయి.

“ఎన్నాళ్ళయింది?” అన్నాను.

“దేనికే?”

“నా దగ్గరా నాటకాలు? నీ ముక్కు పోయి ఎన్నాళ్ళయింది?”

బల్ల మీద రాలిన పిండిని చేత్తో చదును చేసింది. “జ్వరంతోనే పోయింది. కాఫీ వేడిగా ఉందని తెలుస్తుంది, కాఫీ అని తెలీదు. నీ తలనూనె కూడా తెలీడం లేదు.”

“అదొక్కటి మేలు. ఇన్నేళ్ళూ దెప్పి చంపావు.”

“నవ్వకే. రెండో మిషను పెట్టుకోవడానికి గది కావాలని దర్జీ ఎప్పణ్ణించో అడుగుతున్నాడుగా. ఆదివారం ఏ సంగతీ చెబుతానన్నాను. పొయ్యి పగలగొడితే చాలా చోటొస్తుంది.”

ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది ఆ మాట. ఆవిడ అరిస్తే నేను ఏనాడూ జంకలేదు. ఆ మామూలు గొంతుకు మాత్రం జంకాను.

“నా ముక్కుందిగా” అన్నాను.

“నీ ముక్కా! దాని మీద కోపం తప్ప ఇంకేం నిలుస్తుందే?”

అన్నదే గానీ, శుక్రవారం పొద్దున రోలు మా ఇద్దరి మధ్యా పెట్టింది. తను నూరింది, నేను వాసన చూశాను.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“బాగుందంటే నాకేం తెలుస్తుంది మొద్దుమొహమా! కళ్ళు మూసుకో. ఏం కనబడుతుందో అది చెప్పు.”

కళ్ళు మూసుకున్నాను. మొదట ఏమీ లేదు. తరువాత ఒక చెక్కబీరువా తెరుచుకుంది.

“బీరువాలో ఉన్నాను వదినా. పాత దుప్పట్లు. చీకటిగా, వెచ్చగా ఉంది.”

“అది దాల్చినచెక్క. ఇంకా?”

“ఎవడో బయట నిలబడి తలుపు బాదుతున్నాడు.”

“లవంగం. బయటే ఉన్నాడా, లోపలికొచ్చాడా?”

“వచ్చేశాడు.”

“అయితే ఇంకాస్త చెక్క పడాలి.” వేసి నూరింది. జాజికాయ గీకింది. “ఇప్పుడు?”

“వెళ్ళిపోతున్నాడు. వీధి చివర అడుగుల చప్పుడు వినిపిస్తోంది.”

“నిద్రొస్తోందా నీకు?”

“కొద్దిగా.”

“అయితే జాజికాయ సరిపోయింది.”

ఆ పొద్దంతా అలాగే గడిచింది. బయట మంచు తెరిపివ్వలేదు. కళ్ళు మూసుకునే ఎండిన ఆకుల మీద నడిచాను. ఎవరూ లేని గదిలో దీపం చుట్టూ తిరిగాను. నా మాటలు పట్టుకుని వదిన వెనకే వచ్చింది. ఆవిడ ఇన్నేళ్ళూ ఒక్కతే ఎక్కడికి వెళ్ళి వస్తోందో నాకప్పుడు తెలిసింది.

“ఇదంతా నువ్వొక్కదానివే చూసుకున్నావా, దొంగమొహమా!” అన్నాను.

“నువ్వు నోరు మూస్తేగా కళ్ళు మూసేది” అంది.

శనివారం కాల్చడం ఇంకా కష్టమైంది. మొదటి ట్రే తొందరపడి తీయించాను. పలుకులు తెల్లగా పచ్చిగానే ఉన్నాయి. రెండోదానికి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ముందు తడిచెక్క వాసన, తరువాత కాగుతున్న పాలు. ఆ పైన ఒక్క క్షణం, ఎండలో ఆరిన బట్ట తెచ్చి ఎవరో నా మొహాన కప్పినట్టయింది.

“తియ్యి!” అని అరిచాను.

వదిన తీసింది. ఆరాక ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. పలుకు కరకరలాడింది. ఆవిడకు తెలిసేది అంతే.

“చెప్పు.”

అబద్ధం ఆడొచ్చు. కానీ నేను ఆడితే ఆవిడ దేన్ని పట్టుకుని నడవాలి?

“నీ బిస్కెట్టు కాదిది వదినా.”

ఆవిడ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

“నీదాంట్లో మిరియం ఆఖర్న వచ్చేది. ఇందులో ముందే వచ్చి కూర్చుంది. చెక్క కూడా కాస్త బరువే. ఇంకోటి ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“తినడానికే, ఎందుకేమిటి!”

నేను అది తిని, ఇంకోదానికి చెయ్యి చాచేవరకు నన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు అడిగింది. “మిరియం ఒకటి తగ్గించమంటావా?”

“తగ్గించు.”

ఆదివారం దర్జీ టేపు మెడలో వేసుకుని వచ్చాడు. గది ఈ మూల నించి ఆ మూలకు కొలిచి, పొయ్యి దగ్గర ఆగాడు.

“గది కుదరదయ్యా. నాకు వాసన తెలీకపోయినా రేపు పిండి ఒత్తాలి” అంది వదిన, అతని చేతిలో ఒక బిస్కెట్టు పెట్టి.

అతను భయంభయంగా కొరికాడు. నమిలాడు. కళ్ళు సగం మూశాడు. “మరి మీకు వాసన తెలీడం లేదన్నారు కదమ్మగారూ?”

“నా ముక్కు ఆ మూల కూర్చుని పప్పు తరుగుతోంది. దాన్ని పలకరించకు, అసలే గీర.”

దర్జీ నావైపు చూశాడు. నేను చూడలేదు. పనిలో ఉన్నవాళ్ళు చూడరు.