ముప్పై లెక్క

నీ దగ్గరికొచ్చే పిల్లలకు నొప్పి పెట్టేదానివా అమ్మమ్మా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా చిన్నీ, పెట్టేదాన్నేనమ్మా, తప్పక, కొంచెం. కానీ నాకు తెలియకుండా పెట్టించిన నొప్పి కూడా ఒకటుంది. అన్నయ్యకూ చదివి వినిపించు.

అది 2008. నాచారంలో ఒక చిన్న సెంటర్‌లో నేను ఫిజియోథెరపిస్టుని. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు వచ్చేవారు. పుట్టే ముందో, పుట్టేటప్పుడో, కాస్త తర్వాతో మెదడుకు దెబ్బ తగలడం వల్ల వచ్చేది అది. చాలామందిలో కండరాలు బిగుసుకుపోతాయి. నెలకోసారి మేం చూసేవాళ్ళం. మిగతా రోజులు ఇంట్లో తల్లే చేయించాలి. దాన్ని హోమ్ ప్రోగ్రామ్ అంటారు. చేసిన రోజు టిక్కు పెట్టమని ఒక చార్టు ఇచ్చేవాళ్ళం.

పద్మ ఉప్పల్ నుంచి నాలుగేళ్ళ కూతురు స్రవంతిని చంకనేసుకుని బస్సులో వచ్చేది. వాళ్ళది భువనగిరి వైపు ఊరు. పిల్ల మునికాళ్ళ మీదే నిలబడేది, మడమ నేలకు ఆనేది కాదు. వచ్చే ఫిబ్రవరికల్లా మడమ దిగకపోతే ఆపరేషన్ చెయ్యాల్సిందేనన్నారు సర్జన్. పద్మకు ఆ మాట వింటేనే వణుకు.

అందుకే స్ట్రెచ్ నేర్పాను. మోకాలు చాపించి పాదాన్ని మెల్లగా పైకి వంచాలి. "ముప్పై లెక్కపెట్టు, ఏడ్చినా ఆపకు" అన్నాను. వెనక పదిమంది కూర్చున్నారు, ఒక్కసారి చేసి చూపించి పంపేశాను.

పద్మ చార్టులో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. కాలు మాత్రం నెలనెలా ఇంకా బిగుసుకుంది. ఆ తర్వాత బతుకమ్మకు ఊరికి పోయి మూడు వారాలు ఏమీ చేయించలేదు. తిరిగొచ్చాక పాదం పట్టుకుంటే మెత్తగా వంగింది! చేయిస్తే బిగుస్తోంది, మానేస్తే వదులవుతోంది. నాకు తల తిరిగిపోయింది. చదివినదేదీ అక్కరకు రాలేదు. ఏం చెప్పాలో తోచక, "పండుగ అయిపాయె గద, ఇగ మళ్ల మొదలువెట్టు" అనేశాను.

మరుసటి నెల మళ్ళీ నిండా టిక్కులు, కాలు కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఇక నాకు తోచింది ఒక్కటే.

"పద్మా, నిజం చెప్పు. ఈ టిక్కులు బస్సుల కూసోని వెట్టినవా?"

ఆమె ముఖం కందిపోయింది. "నా బిడ్డ మీద ఒట్టు మేడం! రెండు పూటల జేస్తున్న. పిల్ల ఏడుపు ఇనలేక మా అత్త గల్లీలకు ఉరుకుతది. ఇంట్ల ఆమె నన్ను రాక్షసి అంటది, ఈడ మీరు దొంగ అంటున్రు."

"గట్లయితే జేసి సూపియ్."

చాప మీద కూర్చుని పాదం పట్టుకుంది. "ఒకటి" అని గట్టిగా నెట్టి వదిలింది. "రెండు" అని మళ్ళీ నెట్టి వదిలింది. "మూడు" అనేసరికి స్రవంతి కెవ్వుమంది.

"ఆగాగు! ఏందే ఇది?"

"ముప్పై లెక్కవెట్టమన్నరు గద మేడం. ఒక్కటి గూడ తక్కువ జెయ్యలే."

ఒకసారి వంచి, ముప్పై లెక్కపెట్టేదాకా అలాగే పట్టి ఉంచమని నా ఉద్దేశం. ముప్పైసార్లు వంచమని ఆమెకు వినబడింది. అలా కుదిపితే బిగిసిన కండరం ఇంకా ఎదురు తిరుగుతుంది.

ఆమె చేతుల మీద నా చేతులు వేసి ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఇరవై దాటాక పాదం మెల్లగా లొంగింది. స్రవంతి మా ముఖాలు మార్చి మార్చి చూసి, "ఇంకెప్పుడు జేస్తవ్ అమ్మా?" అంది.

"చేస్తనే ఉన్న బిడ్డా" అంది పద్మ, ముక్కు ఎగబీలుస్తూ.

ఫిబ్రవరిలో సర్జన్ చూసి, మడమ దిగుతోంది, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. ఆ తర్వాత నేను ఏ తల్లినీ "చేయిస్తున్నారా" అని అడగలేదు. "చేసి చూపించండి" అనే అడిగాను. టిక్కులు చెప్పేది ఎన్ని రోజులన్నదే. ఎలా చేస్తున్నారో చేతులు చూస్తేనే తెలుస్తుంది.

ఇద్దరం కలిసి లెక్కపెట్టిన రోజే పద్మను ఒక మాట అడిగాను. "ఊర్ల ఉన్నప్పుడు కాలు మెత్తగైంది నీకు తెల్వలేదా?"

"తెల్సింది మేడం. మీకంటె ముందు నాకే తెల్సింది."

"మరి నేను మళ్ల మొదలువెట్టుమంటె, ఒక్క మాటన్న అనకపోతివి?"

ఆమె పిల్ల బూటు పట్టీ బిగించి, "బస్సు పోతది మేడం" అని లేచింది.

తన చేతులకు తెలిసినదాన్ని పక్కన పెట్టి, నా మాట పట్టుకుని బిడ్డను ఏడిపించింది. అది నా మీద నమ్మకమా చిన్నీ, నేనంటే భయమా?