గంగులప్ప నూనెకు నేను రాసిన రెండు పేజీలు

ఆరేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. పెళ్లిపత్రిక వెనకవైపు రాసిన మూడు వాక్యాలు. సిమెంటు మూటలు మోసేవాళ్లయినా సాయంత్రానికి దించుకుంటారు. నాకు ఆ వీలు లేకపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఏమవుతుందో ఒకసారి చూశాను, ఆ సంగతి తర్వాత.

నా స్నేహితుడు గంగులప్ప తన వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టుకుంటూ, మొదటి పేజీ రాసిమ్మని నన్ను అడిగాడు. నేను దాన్ని కావాలనే చెడగొట్టాను. చేతకాక కాదు. అసూయతో.

నాది మదనపల్లెలో ఫ్లెక్సీల అంగడి. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని అందరితో అంటుంటాను, నవ్వుతారు. పుట్టినరోజు బ్యానర్లు, పెళ్లిపత్రికలు, చేతులు జోడించిన నాయకులు, అన్నిటికీ మాటలు నావే. తర్వాత ఫోన్లో వీడియోలు చూసి చిన్న వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. అదేం పెద్ద విద్య కాదు. బండి మీద పోయేవాడు తల తిప్పి చూసే లోపల ఫ్లెక్సీ అర్థం కావాలి. వెబ్‌సైటు మొదటి పేజీ అయినా అంతే. ఏం అమ్ముతున్నావు, అది నాకెందుకు, ఎవరికి ఫోన్ చేయాలి. వచ్చినవాడు వేలు కదపకముందే ఈ మూడూ కనబడాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. అంగడి ముందు నిలబడి జనం చూపులు ఎక్కడ ఆగుతాయో చూసి తెలుసుకున్నాను. అంటే, తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

గంగులప్ప, నేను పుంగనూరులో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. మనిషి నిదానం. అయ్యవారు ప్రశ్న అడిగితే అతను బదులిచ్చేలోపు గంట కొట్టేవారు. అతని నడక, అతని మాట నేను చేసి చూపిస్తే తరగతంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు. ఆ నిదానం మనిషే డిగ్రీ చేశాడు, బెంగళూరులో ఉద్యోగం చేశాడు, తిరిగొచ్చి పుంగనూరులో వేరుశనగ నూనె ఆడించే చెక్క గానుగ పెట్టాడు. గానుగ కూడా అతనిలాగే నిదానం. ఆడించిన నూనెను రెండు రోజులు కదపకుండా తేరనిచ్చి, పైన తేటను మాత్రమే సీసాల్లోకి వంచేవాడు.

గానుగ మొదలుపెట్టిన రోజు ఫ్లెక్సీ నేనే కట్టాను. బెంగళూరు నుంచి అతని స్నేహితులు వచ్చారు. వాళ్లకు నన్ను చూపించి, "మావోడు. బలే జోకులేస్తాడు" అన్నాడు. అంతే. నా గురించి చెప్పడానికి అంతకుమించి ఏమీ లేనట్టు. వాళ్లు నా వైపు తిరిగి ఆగారు. నేను ఒక జోకేశాను. వేశాను కానీ, ఆ రోజు నోట్లో చేరిన చేదు ఇప్పటికీ పోలేదు. ఇంటికొస్తే నా భార్య, "గంగులప్పన్న నూనె ఒక సీసా తెప్పించు, తాళింపేస్తే ఈదంతా వాసనొస్తాదంట" అంది. మా ఇంటి పొయ్యి మీదికి కూడా వచ్చేశాడా ఇతను?

కొన్నాళ్లకు అంగడికొచ్చాడు. "బెంగళూరోళ్లు కొనాలంటే వెబ్‌సైటు ఉండాలంట. నాకు మాటలు రావప్పా. నీకే గదా వచ్చేది, నువ్వే రాయి."

అతను పోయిన కాసేపటికే రాసేశాను. చేతికి దొరికిన పెళ్లిపత్రిక వెనక. "పుంగనూరు చేలలో పండిన వేరుశనగ. చెక్క గానుగలో నిదానంగా ఆడించిన నూనె. బెంగళూరులో మీ ఇంటికే తెచ్చిస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి." చదువుకున్నాను. ఒక్క మాట తీయడానికి లేదు, చేర్చడానికి లేదు. నిదానం అన్న మాటతో చిన్నప్పటి నుంచి అతన్ని ఏడిపించినవాణ్ని, అదే మాట అక్కడ అతనికి కిరీటంలా కూర్చుంది. నా చేత్తో నేనే పెట్టిన కిరీటం. ఈ పేజీ పనిచేస్తుంది, ఫోన్లు వస్తాయి, గంగులప్ప ఇంకా పైకి పోతాడు, అప్పుడు కూడా నేను బలే జోకులేసేవాడిగానే మిగులుతాను అని అనుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో. కాగితం సొరుగులో పడేశాను.

అతనికిచ్చిన పేజీ వేరు. పైన "సుస్వాగతం" అని అటూ ఇటూ పరుగెత్తే అక్షరాలు. నడుమ గుండ్రంగా వాళ్లమ్మ ఫోటో. చుట్టూ తాత, పెదనాన్న, బావమరుదులు, పుట్టినరోజు ఫ్లెక్సీలో పెట్టినట్టు చిన్న చిన్న వృత్తాల్లో. దాని కింద వంశ చరిత్ర, నాలుగు పేరాలు. నూనె అన్న మాట మూడో పేరాలో మొదటిసారి వస్తుంది. ఫోన్ నంబరు అట్టడుగున, పసుపు మీద తెల్లటి సన్న అక్షరాలతో. బెంగళూరుకు పంపిస్తామన్న మాటే లేదు.

ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మా వైపు గౌరవమంటే అదే మరి, బొమ్మ పడాలి, పక్కన చుట్టాల బొమ్మలూ పడాలి. అది నాకు తెలుసు, దాన్నే వాడుకున్నాను. వాళ్లమ్మ ఫోన్లో తన బొమ్మ చూసి కళ్లొత్తుకుంది. నా తల మీద చెయ్యిపెట్టి, "సల్లగుండు నాయనా" అంది. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుస్తుంది.

ఫోన్లు రాలేదు. గానుగ చప్పుడులో వినబడదేమోనని గంగులప్ప ఫోన్ పట్టుకుని బయట వేపచెట్టు కింద నిలబడేవాడని విన్నాను. ఆ మాట చెప్పినవాడితో కూడా జోకేశాను.

ఆ ఏడే కుప్పం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనదీ గానుగే. సొరుగు తెరిచి, ఊరి పేరు మార్చి, ఆ మూడు వాక్యాలు ఆయన వెబ్‌సైటుకు రాసిచ్చేశాను. ఎందుకిచ్చాను? మంచి వాక్యం సొరుగులో ఉంటే కుదురుగా ఉండలేకపోయాను, అదొకటి. ఆ వాక్యం ఎంత పనిచేస్తుందో చూడాలని ఇంకొకటి. పనిచేసింది. కుప్పంలో రెండో గానుగ తిరిగింది. పుంగనూరులో ఉన్న ఒక్కటీ ఆగింది. పేజీ ఒక్కటే కారణమా? ఏమో. ఆ ప్రశ్న వెనక దాక్కోవాలని చాలాసార్లు చూశాను. దాగడానికి అక్కడ చోటు చాలలేదు.

గానుగ అమ్మేశాక ఒకరోజు గంగులప్ప నా అంగడికొచ్చాడు. కుప్పంలో ఆ గానుగ ఆయన దగ్గరే ఉద్యోగం దొరికిందట. వెబ్‌సైటు చూసి వచ్చే ఫోన్లు ఎత్తడం అతని పని. ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు.

"సూడప్పా ఈ పేజీని. తెరస్తానే సంగతి సెప్తాండాది. ఎవురో బాగా సదువుకున్నోడు రాసుంటాడు."

ఆ క్షణంలో కూడా నాకు అసూయే. నా వాక్యాన్నే, ఎక్కడా లేని ఎవడో చదువుకున్నవాడికి కట్టబెడుతున్నాడు. నోరు జారింది.

"అది రాసింది నేనే."

"నువ్వా?"

"నీకోసమే రాసినా. నీకియ్యకుండా వాళ్లకిచ్చినా."

"యాల?"

"కుళ్లు. నీ మీద."

గంగులప్ప నా మొహంలోకి చూసి, టేబుల్ పట్టుకుని మరీ నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా. "నా మీద కుళ్లా నీకు! దివాలా తీసినోణ్ని గూడా నవ్విస్తాండావే, నువ్వు మారవప్పా!"

నిజమేనప్పా అని ఇంకొక్కసారి అని ఉంటే చాలు. అనలేదు. నేనూ నవ్వాను. పేజీ చెడగొట్టింది ఒక తప్పయితే, ఆ నవ్వు దానికంటే పెద్దది.

అతని వెబ్‌సైటు ఇప్పటికీ ఉంది. నూనె లేదు, గానుగ లేదు, సుస్వాగతం మాత్రం అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది. ప్రతి ఏడూ కుప్పం నుంచి వచ్చి, "మాయమ్మ ఫోటో ఉండాది గదప్పా" అంటూ నా చేతే దాన్ని రెన్యూ చేయిస్తాడు. వచ్చినప్పుడల్లా ఆ రోజు జోకు తలుచుకుని మళ్లీ నవ్వుతాడు. లోపల ఏమీ దాచుకోని మనిషి నవ్వు అది. ఇప్పటికీ నాకు అసూయే. ఇప్పుడు ఆ నవ్వు మీద.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సినవాడు కుప్పంలో ఫోన్లు ఎత్తుతున్నాడు. కాగితాన్ని సొరుగులోంచి తీసి ఎదురుగా పెట్టుకుని ఇదంతా రాశాను. మోస్తున్నదాన్ని కాసేపు కింద పెట్టినట్టుంది, అంతవరకే.

బతుకంతా ఎదుటివాళ్లు నవ్వాలనే నోరు తెరిచినవాణ్ని. ఈ ఒక్కసారికి నవ్వకండి.