ఉదయం ఎనిమిదికి చెడిపోయే ఫైలు

మొన్న గ్యాస్ కనెక్షన్ పని మీద వెళ్తే, కౌంటర్‌లో ఉన్న పిల్ల సర్వర్ ఆగిపోయిందని చెప్పింది. అంతే, దాన్ని ఆమే పాడు చేసినట్టు వరుసలో ఉన్నవాళ్లంతా మీద పడ్డారు. నాకు అక్కడ కాలు నిలవలేదు. ఇంటికొచ్చి రద్దీగా ఉందని చెప్పాను గానీ, అసలు సంగతి ముప్పై అయిదేళ్లకు పైగా వెనకటిది.

అప్పట్లో నేను సూరత్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. మా మేనమామ ఒక మరమగ్గాల కార్ఖానాలో ముకద్దం, అంటే మగ్గాల మీద మనుషులను నడిపించేవాడు. ఆయన, అత్త, నేను కార్ఖానా యజమాని శేఠ్ ఇచ్చిన ఒంటి గదిలో ఉండేవాళ్లం. నన్ను కరీంనగర్ నుంచి తెచ్చి కంప్యూటర్ కోర్సు చదివించింది ఆయనే. ఆ శేఠ్‌కే మా కంపెనీ ఒక ప్రోగ్రామ్ అమ్మింది, ఏ మగ్గం మీద పడుగు నూలు చుట్టిన ఏ బీమ్ ఎక్కిందో, ఏ డిజైన్ నడుస్తోందో అన్నీ అందులో ఉండేవి. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. మా శేఠ్ అయితే దసరాకి దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టించాడు.

బొట్టు పెట్టినా ఆ డేటాబేస్ రోజూ పొద్దున చెడిపోవడం మొదలైంది. నన్ను పంపారు. మొదటి రోజు ఫైలు మరమ్మతు చేసి, పోయిన వివరాలు మగ్గాల దగ్గర రాసిన చీటీలు చూసి మళ్లీ ఎక్కించి, పెద్ద మొనగాణ్ణనుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు ఎనిమిదింటికల్లా మళ్లీ చెడిపోయింది. వైరస్ అనుకుని డిస్కులన్నీ వెతికాను, ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేశాను, అన్నం సయించలేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే లేవబుద్ధి కాదు. ఎంట్రీలు చేసే గుజరాతీ అమ్మాయి మాత్రం మొదటి రోజే చెప్పింది, తాను ఫైలు తెరిచి ఉంచి షిఫ్టు మారేటప్పుడు చీటీలు తేవడానికి మగ్గాల దగ్గరికి వెళ్తానని, తిరిగొచ్చేసరికి కంప్యూటర్ దానంతటదే మళ్లీ మొదలవుతూ కనిపిస్తోందని. కరెంటు పోయినా నిలబెట్టే బ్యాటరీ పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి, తన తప్పు కప్పిపుచ్చుకుంటోందనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది. మూడో రోజు శేఠ్ ఓపిక పోయింది, పాడు చేస్తున్నది ఎవరైనా సరే ఇవాళే ఇంటికి పంపేస్తానన్నాడు.

ఆ పొద్దున నేనే తెర ముందు కూర్చున్నాను. ఎనిమిది కాగానే తెర నల్లబడింది. బయటికి పరిగెత్తి చూస్తే, మగ్గాల మెయిన్ స్విచ్ దించి, బోర్డును తాకిన చేతిని కళ్లకద్దుకుంటూ మామ నిలబడి ఉన్నాడు. ఆయన అలవాటు నాకు కొత్త కాదు. "ఒకని చేతికెల్లి ఇంకొకని చేతికి పోయేటప్పుడు మిషన్ గూడ జర దమ్ము తీస్కోవాలె, అల్లుడా" అనేవాడు. ఆఫీసు గది తర్వాత కట్టారు కాబట్టి దాని వైరు కూడా ఆ లైనుకే కలిపారు, పెట్టెలో బ్యాటరీ ఈమధ్యే చచ్చిపోయింది, పచ్చ లైటు ఒక్కటే బతికుంది.

మామ పని పోతే గది పోతుంది, ముగ్గురం రోడ్డున పడతాం. శేఠ్ అడిగితే కారణం రేపు చెబుతానన్నాను. ఆయన రేపటిదాకా ఆగలేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోతుంటే నేను తల ఎత్తలేదు.

సాయంత్రం మామకు చెప్పాను. ఆయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. "ఆ పొల్లను ఎల్లగొడుతుంటె చూస్కుంట నిలవడ్డవా? గదిదేముంది రా, ఇంకోటి దొరుకుతది. నా పేరు జెప్పెతందుకు నీకేం రోగమొచ్చింది?" అన్నాడు. అత్త ఆ కంచాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది.

మర్నాడు పొద్దున్నే మామ శేఠ్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. శేఠ్ కొత్త బ్యాటరీ తెమ్మని నాకు చెప్పి, మెయిన్ దించే ముందు ఆఫీసులో ఒక మాట చెప్పమని మామకు చెప్పాడు. అంతే. నేను భయపడినదంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఆ సాయంత్రమే మామ నన్ను వెంటబెట్టుకుని కతర్‌గామ్‌లో ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాడు. వజ్రాలు సానబట్టే వాళ్ల నాన్న మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు గానీ, నింద పడ్డ పిల్లను ఇక పనికి పంపనన్నాడు, ఆ కార్ఖానాకే కాదు, ఎక్కడికీ. ఆమె గడప లోపలి నుంచే, నిన్నటి చీటీలు ఎవరైనా ఎక్కించారా అని మామను అడిగింది. నా వైపు చూడలేదు.

తర్వాత సూరత్ పక్కనే హజీరాలో పెద్ద కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పటి డేటాబేస్‌లు కరెంటు పోయినా తమను తామే సర్దుకుంటాయి, ఏ క్షణాన ఎందుకు ఆగిపోయాయో లాగ్‌లో రాసి పెట్టుకుంటాయి. ఎవరినీ అనుమానించక్కర్లేదు, ఎవరూ ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. మంచిదే, కాదనను. ఆ రోజుల్లో అలాంటి లాగ్ ఏదీ లేదు. జరిగింది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను, నాకు ఒక్క పూట నోరు రాలేదు.