యుద్ధం అయినాక వేసుకునే బట్టలు

బళేపేటలో మా జరీ అంగడికి ఎదురుగా రెండు చిన్న అంగళ్లున్నాయి. ఒకదాని మీద ‘మునిస్వామి’ అని మాత్రమే ఉంటుంది. పక్కదాని మీద ‘డ్రామా డ్రెస్సులు’ అని మాత్రమే ఉంటుంది. ఒకప్పుడు అదంతా ఒకే బోర్డు. మునిస్వామి పోయాక కొడుకులిద్దరూ ఆస్తి పంచుకుంటూ బోర్డును కూడా రంపంతో రెండుగా కోశారు. పేరు అన్న బైరప్పకు దక్కింది, వ్యాపారం తమ్ముడు పిల్లప్పకు దక్కిందని వీధిలో మేమంతా నవ్వుకున్నాం. నవ్వనిది పాపక్క ఒక్కతే. బైరప్పకు చెల్లెలు, పిల్లప్పకు అక్క. నేను చెప్పబోయేది ఆమె కథ.

తెలియని వాళ్ల కోసం ఈ వ్యాపారం సంగతి కాస్త చెప్పాలి. బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకాల పిచ్చి ఇంకా తగ్గలేదు. పీణ్యలో లేతు మెషీను తిప్పేవాడు, మాలూరులో పాలు పోసేవాడు, హొసకోటలో ఇళ్ల సైట్లు అమ్మేవాడు, అందరికీ ఏడాదికి ఒక్క రాత్రయినా కిరీటం పెట్టుకోవాలని ఉంటుంది. బట్టలు బాడుగకు తీసుకుంటారు. ఎక్కువగా ఆడేది కూడా ఒకే కథ, రాజ్యం కోసం అన్నదమ్ముల పిల్లలు కొట్టుకునే కథ. ఒకవైపు అయిదుగురు, మరోవైపు నూరుగురు. మునిస్వామి అయిదుగురి పక్షానికి నీలం మఖమలు, నూరుగురి పక్షానికి ఎర్ర మఖమలు కుట్టి రెండు ఇనుప పెట్టెల్లో పెట్టేవాడు. అయిదుగురి పెట్టె, నూరుగురి పెట్టె అంటే ఇప్పటికీ ఈ వీధిలో అందరికీ తెలుసు.

పంపకానికి వచ్చిన పెద్దమనిషి రామాంజినప్ప, వాళ్ల దూరపు బంధువు. ఆయన బాగా ఆలోచించి నూరుగురి పెట్టె అన్నకూ, అయిదుగురి పెట్టె తమ్ముడికీ ఇప్పించాడు. ఒకే పక్షాన్ని పెట్టుకుని యుద్ధం ఎవరు ఆడతారో ఆ మహానుభావుడికి తట్టలేదు. చివరికి నెమలీక కిరీటం మిగిలింది. రెండు పక్షాల మధ్యా రాయబారం నడిపే వేషానిది. అది నాదంటే నాదని ఇద్దరూ పట్టుకుని లాగితే నెమలీక విరిగింది. విరిగిన కిరీటాన్ని తెచ్చి పాపక్క చేతిలో పెట్టారు, ఆమె ఈకను మళ్లీ అతికించి ఉంచుకుంది.

అప్పటినుంచి నాటకం ఆడేవాళ్లకు మూడు చోట్ల తిరగక తప్పదు. అన్నదమ్ములకు మాటల్లేవు. పండగకూ లేవు, చావుకూ లేవు. గిరాకీ వచ్చి ఎర్ర బట్టలు అడిగితే పిల్లప్ప ‘పక్కన అడగండి’ అంటాడే తప్ప ‘మా అన్నను అడగండి’ అనడు. ఆ అంగళ్ల మేడ మీది గదిలో మిషను కుట్టుకునే పాపక్క కిటికీలోంచి తల బయట పెట్టి ‘అన్నా, శనివారం నీ పెట్టె ఖాళీయేనా’ అని కిందికి అరిచేది. జవాబు గోడ అవతలికి వినిపించేదే. అయినా ఆమె మళ్లీ ఒకసారి పిల్లప్పకు చెప్పాలి. ఇద్దరూ బుద్ధిలేనివాళ్లని నేను ఆమె ముఖం మీదే అన్నాను, ఆమె కాదనలేదు.

పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి పాపక్క. తండ్రి ఏమీ ఓదార్చకుండా మిషను ముందు కూర్చోబెట్టి, చమ్కీలు కుట్టమన్నాడట. అదే ఆయన ఓదార్పు అని చెప్పేది. పమిటంచు నిండా గుండుసూదులు. మనిషి భుజాలు చూసి కొలత చెప్పేస్తుంది. మా అంగడికి వచ్చి జరీ గుడ్డను గిల్లి చూసి ‘జరీ అని చెప్పి ప్లాస్టిక్కు అమ్ముతా ఉండావు గదా అమరప్పా’ అంటుంది. నా పేరు అమరనాథ్. ఆమె నోట్లో ఎప్పుడూ అమరప్పనే.

ఈ సంవత్సరం వానాకాలంలో బైరప్ప ఒక మాట అన్నాడు. మోకాళ్లు పోయాయి, పీణ్యలో కొడుకు ఇంటికి వెళ్లిపోతాను, పెట్టెను ఒక హోటలు ఆయన కొంటానన్నాడు, కిరీటాలు గోడలకు తగిలిస్తాడట. ఆ రోజు పాపక్క మా అంగడి మెట్టు మీద వచ్చి కూలబడింది. 

“వాడొక పక్క, వీడొక పక్క కూసోని ఉంటే, మాట్లాడకపోయినా ఒకరి మొగం ఒకరు చూస్తా ఉండారు అమరప్పా. అన్న పీణ్యకు పోతే ఇంక ఈ వీధికి రాడు. నేను కిటికీలోనుంచి ఎవుర్ని పిలిచేది?” 

నేను కాఫీ తెప్పించాను. ఆమె తాగలేదు.

సౌమ్య వచ్చింది ఆ వారంలోనే. హెబ్బగోడిలో ఫ్యాక్టరీ వాళ్ల పిల్లలు చదివే స్కూల్లో టీచరు. బెంగళూరు వచ్చి చాలా కాలం కాలేదు, ఊరు చింతామణి. మేడ మీది గదిలో బట్టల మధ్య ఇరుక్కుని కూర్చుని, స్కూలు పిల్లలు ఆడబోయే నాటకం కథ పాపక్కకు చెప్పింది. నేను జరీ ఉండలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

“ఆంటీ, అది ఎక్కడో స్పేస్‌లో ఒక ప్లానెట్. పేరు జమురా. పిల్లలే పెట్టారు. దానికి టూ మూన్స్. పెద్ద చంద్రుడిని చూసి నెలలు లెక్కపెట్టేవాళ్లు కొందరు, చిన్న చంద్రుడిని చూసి లెక్కపెట్టేవాళ్లు కొందరు. ఇద్దరూ అక్కడ పుట్టినవాళ్లే. పండగలు వేరే రోజుల్లో వస్తాయని మొదట గొడవ. తరువాత విత్తనాలు ఎప్పుడు వేయాలని గొడవ. తరువాత నీళ్లు. లాస్ట్‌కి వార్. ప్లానెట్ అంతా కాలిపోతుంది.”

“అంతా పోయినారా?”

“ఒక అమ్మాయి, ఒక అబ్బాయి మిగులుతారు. ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు.”

“యుద్ధానికి కిరీటాలు, కవచాలు ఎన్ని కావాలన్నా ఉండాయి. నీలం వేరే, ఎర్రది వేరే. ఆ ఇద్దురు బిడ్డలకు ఏం వేసేది?”

“అదే ఆంటీ, యుద్ధం అయిపోయాక వేసుకునే బట్టలు కావాలి. ఏవైనా పాతవి.”

పాపక్క మిషను చక్రాన్ని చేత్తో ఆపింది. ఇన్నేళ్లుగా ఆమెను ఎవరూ అలాంటి బట్టలు అడగలేదు. మా నాటకాల్లో యుద్ధం తెల్లవారుజామున ముగుస్తుంది, చచ్చినవాళ్లు కూడా లేచి, కిరీటాలు సర్దుకుని మంగళహారతికి నిలబడతారు. ఆ తరువాత అందరూ ఇళ్లకు వెళ్లి లుంగీలు కట్టుకుంటారు. యుద్ధం అయినాక వేసే వేషం ఏ పెట్టెలోనూ లేదు.

“ఆడ చలిగా ఉంటుందా?” అని అడిగింది పాపక్క.

సౌమ్య నా వైపు చూసింది. “ఉంటుందేమో ఆంటీ.”

“కుట్టేవాళ్లు, నేసేవాళ్లు ఎవురైనా మిగిలినారా?”

“లేరు. అందరూ పోయారు.”

“అట్లయితే కొత్త గుడ్డ యాడనుంచి వస్తుంది? చచ్చినోళ్ల ఒంటి మీద ఉండేదే గదా. ఆ బిడ్డలు చీకట్లో తడుముకోని, చేతికి ఏది దొరికితే అది చింపి కట్టుకుంటారు. నీలమా, ఎరుపా అని చూసుకుంటారా? రెండూ ఉంటాయి.” 

సౌమ్య కళ్లు పెద్దవయ్యాయి. పిల్లలకు చెబుతానంటూ ఫోను తీసి ఆ మాటలు రికార్డు చేసుకుంది.

మరునాడు పాపక్క అన్నదమ్ములిద్దరి దగ్గరికీ వెళ్లి పాత కోట్లు అడిగింది. రెండు పెట్టెల్లోనూ చంకల కింద పూర్తిగా చీకిపోయిన కోటు ఒక్కొక్కటి ఉంది. గద పట్టే రెండు వేషాలవి. రెండూ మునిస్వామి కుట్టినవే. ఎవరూ బాడుగకు అడగరు, అయినా పారేయరు. బైరప్ప ‘అమ్మేదానికి పెట్టినాను, చెయ్యి పెట్టొద్దు’ అన్నాడు. పిల్లప్ప ఇంకా ముందుకు పోయాడు. “మా గుడ్డను వాళ్ల గుడ్డతో కలిపి కుట్టేదా? నా ప్రాణం ఉండేదాకా కుదరదు అక్కా.” వాళ్లంటే ఎవరో జమురా గ్రహం వాళ్లన్నట్టే చెప్పాడు.

వానాకాలంలో నాటకాలు ఉండవు కాబట్టి మరమ్మతుకు రెండు పెట్టెలూ ఎప్పటిలాగే ఆమె గదికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను పైకి వెళ్లేసరికి నేల మీద ఎర్ర కోటు, నీలం కోటు పక్కపక్కన పరిచి ఉన్నాయి. చేతిలో తండ్రి వాడిన పెద్ద కత్తెర. 

“వద్దు పాపక్కా, ఇద్దరూ చంపుతారు” అన్నాను. 

“చంపనీ” అంది. 

తండ్రి వేసిన కుట్టు తెగినప్పుడల్లా ఆగి, వేలితో దాన్ని తడిమి, మళ్లీ కోసింది. నాకు చూడబుద్ధి కాలేదు. కిందికి వచ్చేశాను.

స్కూలు వార్షికోత్సవం ఒక శనివారం మధ్యాహ్నం. మా వీధిలో ఒక పద్ధతి ఉంది, పెట్టె వెళితే దాని యజమాని కూడా వెళ్లాలి, స్టేజీ పక్కన కూర్చుని కాపలా కాయాలి. కాబట్టి ఇద్దరూ బయలుదేరారు. రెండు పెట్టెలూ ఒకే లగేజీ ఆటోలో పట్టేస్తాయి. అయినా రెండు ఆటోలు మాట్లాడుకుని ఒకదాని వెనక ఒకటి హెబ్బగోడి దాకా వెళ్లారు. నేను, పాపక్క నెమలీక కిరీటం పట్టుకుని బస్సులో వెళ్లాం. దారంతా ఆమె ఆ నెమలీకను సర్దుతూనే ఉంది. ఈ మనిషిని ఇంత భయంతో నేను ఎప్పుడూ చూడలేదు. 

స్టేజీకి ఎడమవైపు బైరప్ప, కుడివైపు పిల్లప్ప కుర్చీలు వేసుకున్నారు. తెర లేచింది. చిన్న పిల్లలు పెద్ద కిరీటాలు పెట్టుకుని, చెవుల దాకా జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో యుద్ధం చేశారు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత పెద్ద చంద్రుడిని దించేశారు, చిన్న చంద్రుడిని దించేశారు, దీపాలు తుప్పు రంగుకు తిరిగాయి. పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. ఆ నిశ్శబ్దంలో ఒక మూల నుంచి అమ్మాయి, ఇంకో మూల నుంచి అబ్బాయి వచ్చారు. ఒంటి మీద పాపక్క కుట్టిన బట్టలు. సగం ఎరుపు, మోచేయి దగ్గర నీలం, వీపు మీద మళ్లీ ఎరుపు, చమ్కీలు ఊడిన చోట దారాలు వేలాడుతున్నాయి.

వాళ్ల మాటలు కన్నడంలోనే జరిగాయి. అమ్మాయి అడిగింది, నువ్వు ఏ చంద్రుడి వాడివని. అబ్బాయి తన బట్టల వంక చూసుకున్నాడు, ముందుకూ వెనక్కూ తిరిగి చూసుకున్నాడు. 

“తెలీదు. చలేసింది. దొరికింది కట్టుకున్నాను” అన్నాడు. 

అంతే, తెర పడింది. పక్కన ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది.

చప్పట్లు ఇంకా ఆగకముందే తెర వెనక గలాటె మొదలైంది. నేను పరిగెత్తాను. కుడివైపు నుంచి పిల్లప్ప వచ్చి ఆ అబ్బాయి చొక్కా భుజం పట్టుకుని చూస్తున్నాడు. ఎడమవైపు నుంచి బైరప్ప మోకాళ్లు పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు. పాపక్క మధ్యలో, కిరీటం గుండెలకు పెట్టుకుని నిలబడింది.

“ఏం పని చేసినావక్కా నువ్వు?” పిల్లప్ప అరిచాడు. “కోసేస్తివా? నాయన కుట్టింది కోసేస్తివా?” 

అని, ఆ కోపం ఒక్కడే మోయలేక ఎవరైనా తోడు కావాలన్నట్టు పక్కకు తిరిగాడు.

“అన్నా, చూస్తివా? చూడన్నా ఈమె చేసిన పని. మన నాయన కాలరు ఇది.”

బైరప్ప వంగి చూశాడు. “నాయన కాలరే. కన్ను సరిగా కనిపించకపోయినా కుట్టినాడు ఇది. నువ్వు అప్పుడు దీపం పట్టుకోని ఉంటివి గదరా.”

“ఉంటిని అన్నా. నిద్దరొచ్చి తూగితే నువ్వు కొడితివి.”

బైరప్ప చెల్లెలి వైపు తిరిగాడు. “ఏం పాపా, నీకు బుద్ధి ఉండాదా? ఇంక ఈ పెట్టె ఎవుడు కొంటాడు? కోటు లేని పెట్టె.”

“కొనకపోతే పోనీలే అన్నా” అన్నాడు పిల్లప్ప. “నువ్వు ఏల అమ్మాల? ఉండనీ.”

బైరప్ప ఆ మాటను కాదనలేదు. మళ్లీ పాపక్క మీద పడ్డాడు, పిల్లప్ప అందుకున్నాడు. ఒకరు ఆపితే ఒకరు తిట్టారు. తిట్లు తెగలేదు కాబట్టి, రెండు పెట్టెలనూ ఒకే ఆటోలో ఎక్కించి, తాము కూడా వాటి పక్కనే ఎక్కి కూర్చున్నారు. రెండో ఆటో అతను తన ఆటో కావాలా, వద్దా అని నన్ను అడిగాడు. వెళ్లిపొమ్మన్నాను.

పాపక్కను పెట్టెల మధ్య కూర్చోబెట్టారు. ఆమె బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఏడిస్తే విడిచిపెడతామనుకున్నావా?” అన్నాడు బైరప్ప, కాస్త మెత్తగా.

“విడిచిపెట్టొద్దన్నా” అంది పాపక్క. “ఇంకా మిగిలి ఉంటే రేపొచ్చి తిట్టండి. ఇద్దరూ కలిసి రాండి.”