తెల్లవారక ముందు వేసుకున్న మాత్ర

పచ్చరంగు చూస్తే నాకు ఇప్పటికీ భయం. మా ఉద్యోగంలో అందరూ ఎదురుచూసేది ఆ రంగు కోసమే. రాసిన ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందా లేదా అని దానికి చిన్న చిన్న పరీక్షలు పెడతాం. వాటిని టెస్టులంటాం. అన్నీ నెగ్గితే తెర మీద పచ్చగా వస్తుంది, ఒక్కటి తప్పినా ఎర్రగా వస్తుంది. ఎరుపు కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని ఎంత తొందరగా పచ్చబరిచి లేస్తానా అని చూస్తాను. ఓపిక లేని మనిషిని, ఒప్పుకుంటాను.

మేం తయారుచేసింది మందుల యాప్. రోజూ వేసుకోవాల్సిన మాత్ర వేసుకుని ఫోన్లో బటన్ నొక్కితే ఆ తారీఖు గడిలో టిక్కు పడుతుంది. పొద్దున ఏడింటికల్లా టిక్కు పడకపోతే ఫోన్ మోగుతుంది. దాన్ని మొదట వాడినవాళ్ళలో మా నాన్న ఒకరు. బాపు అంటాను ఆయన్ని. నేనే పెట్టించాను, గొప్పకి. సైదాబాద్‌లో మా ఇంటి నుంచి మాదన్నపేట వైపు పది నిమిషాలు నడిస్తే వచ్చే గుడిలో ఆయన అర్చకుడు. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి రక్తాన్ని పలచబరిచే మాత్ర రోజుకొకటి వేసుకుంటారు. "ఒకటి తప్పినా కష్టమే, ఎక్కువైతే ఇంకా కష్టం. లోపల రక్తం కారినా బయటికి తెలియదు" అని డాక్టర్ నా ముందే చెప్పారు.

ధనుర్మాసం మొదలవడానికి కొద్దిరోజుల ముందు ఒక టెస్టు వింతగా తప్పింది. నా కంప్యూటర్లో పచ్చగానే ఉంది. అందరి పనినీ కలిపి పరీక్షించే ఆఫీసు మెషిన్లో మాత్రం ఎర్రగా వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి బటన్ నొక్కితే అది నిన్నటి తారీఖు వేస్తోంది. కారణం పది నిమిషాల్లో దొరికింది. ఆ మెషిన్ గడియారం ఇంగ్లండ్ వేళలో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు నాలుగైతే దానికి ఇంకా నిన్న రాత్రి పదిన్నర. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. నేను ఆ మెషిన్ గడియారాన్ని ఇండియా వేళకు తిప్పేశాను. పచ్చబడింది. చాయ్ తాగడానికి లేచాను.

నెల తిరక్కముందే, ఇంటి నుంచి పని చేస్తున్న ఒక పూట, పది గంటలకు ఆఫీసులో కొత్తగా చేరినావిడ ఫోన్ చేసింది. నాకంటే పెద్దది, నిదానంగా మాట్లాడుతుంది.

"నీ టెస్టు ఒకటి నా లాప్‌టాప్‌ల ఫెయిలయితుందమ్మా. నాలుగు గంటలదట."

"నా దగ్గర మంచిగనే నడుస్తుంది కదా. మీ దాంట్ల టైం చూసిన్రా?"

"ఇంకా సెట్ చేయలే, ఇంగ్లండ్ టైమే ఉంది. మార్చుకుంట, అదేం పెద్ద పని కాదు. గని మన సర్వర్ ఏ టైంల ఉంది?"

సర్వర్ అంటే జనం నొక్కిన టిక్కులన్నీ నిజంగా రాసుకునే మెషిన్. చూశాను. ఇంగ్లండ్ వేళ. అదే చెప్పాను.

"మరి నిజంగ ఎవరన్న నాలుగింటికి గోలీ ఏసుకుంటె ఎట్ల?" అంది ఆవిడ.

మామూలు రోజుల్లో బాపు మాత్ర వేసుకునేది ఆరింటికి. ధనుర్మాసంలో గుడి నాలుగున్నరకే తెరవాలి. ఈ నెలంతా నాలుగింటికే స్నానం చేసి, మాత్ర వేసుకుని, బటన్ నొక్కి వెళ్తున్నారు. ఆ టిక్కు నిన్నటి గడిలోకి పోతోంది. ఏడింటికి ఆయన కాఫీకి ఇంటికొచ్చే వేళకు ఇవాళ్టి గడి ఖాళీగా ఉంటుంది, ఫోన్ మోగుతుంది.

బాపు పేరు మీద ఉన్న లెక్క తెరిచాను. ఒక్కో రోజుకు రెండు వరుసలు, నాలుగు దాటాక ఒకటి, ఏడు దాటాక ఒకటి. పదకొండు రోజులు. వారం కింద ఆయన మోచేతి దగ్గర నల్లగా కమిలితే "బిందె తగిలింది" అన్నారు, నేను తల కూడా ఎత్తలేదు. రెండు రోజుల కింద గోలీలు అయిపోయాయంటే, ఇంత తొందరగా ఎలా అయిపోయాయని అడక్కుండా తెచ్చిచ్చాను.

ఆయనకు ఫోన్ చేశాను. మా ఇంటి అల్మారాలోనే మోగింది. గుడికి ఆయన ఫోన్ తీసుకెళ్ళరు.

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో బండ్ల మధ్య దారి లేదు. తోసుకుంటూ పరుగెత్తుతుంటే మాకు రోజూ కొత్తిమీర ఇచ్చే ముసలాయన "క్యా హువా బేటీ?" అని లేచి నిలబడ్డాడు. ఏమైందని ఆయనకు చెప్పను? ఆయన జరిపిన బండి సందులోంచి దూరిపోయాను. ఎదురొచ్చే ప్రతి మనిషీ నాకు ఆ కబురు చెప్పడానికే వస్తున్నట్టు అనిపించింది.

బాపు గుడి వంటశాలలో కత్తిపీట ముందు కూర్చుని పొంగలికి కొబ్బరి ముక్కలు కోస్తున్నారు. బతికే ఉన్నారన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆ వేళ్ళ పక్కనే కత్తి అంచు. తెగితే రక్తం ఆగదు.

"బాపూ, కదలకు. చెయ్యి తియ్యి. మెల్లగ తియ్యి."

"ఏందమ్మా గా లొల్లి? ఏమైంది?"

కత్తిపీట పక్కకు లాగి, ఆయన ముందు కూలబడి అడిగాను. "రోజుకు రెండు గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఫోన్ అడుగుతుంది కదా."

"పొద్దున ఏసుకుంటివి కదా, మళ్ళ ఎందుకేసుకున్నవ్?"

"అది నిన్నటి గడిల పడుతుంది బిడ్డా. నేను చూసిన. సూర్యోదయం కాలే కదా, తెల్లారేదాంక నిన్నటి తిథే. ఇయ్యాల్టిది ఇయ్యాల ఏసుకోవాలె కదా." కొంచెం గర్వంగానే నవ్వారు. "మీ కంపెనోళ్ళకు పంచాంగం గూడ తెల్సు అనుకున్న. నువ్వే చెప్పినవేమో అనుకున్న."

ఎవరైనా ఒక్క రోజులో కనిపెట్టాల్సిన తప్పు అది. పూజకు కూర్చున్న ప్రతిసారీ తిథి చెప్పుకునే మనిషికి, పొద్దు పొడిస్తేనే రోజు మొదలయ్యే ఇంట్లో, అది తప్పులా కనబడలేదు. కనబడి ఉన్నా నన్ను అనుమానించేవారు కాదు. నాకు ఏడుపొచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటే రక్తం వచ్చిందని అప్పుడు చెప్పారు, అదేదో చిన్న సంగతైనట్టు.

ఆటోలో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ ఆయన్ని పట్టుకునే కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని తిట్టాను. అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, చేసింది నేనేనని చెప్పి, యాప్ ఆపించాను. యాప్ వాడే మిగతావాళ్ళందరికీ కొత్తావిడ ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. తెల్లవారుజామున ఐదున్నరలోపు బటన్ నొక్కిన మనిషి బాపు ఒక్కరే. రక్తపరీక్ష చూసి డాక్టర్ నర్సుతో "ఈయన్ని మంచం దిగనివ్వకండి" అన్నారు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ బాపు కళ్ళు మూసుకుంటే ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు ఇంటికి పంపారు.

తప్పు సరిదిద్దాం. ఇప్పుడు ఆ టెస్టు ఏ కంప్యూటర్లోనైనా, గడియారం ఎక్కడిదైనా, పచ్చగానే వస్తుంది. బాపు ఫోన్లోంచి మాత్రం యాప్ తీసేశాను. మాత్రను డాక్టర్ సాయంత్రానికి మార్చారు. దీపం పెట్టాక బాపు దాన్ని అరచేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడతారు.

"ఇది ఇయ్యాల్టిదేనా అమ్మా? ఏసుకోనా?"

నన్నే అడుగుతారు, ఇంకా. మాత్రల అట్ట తీసి ఖాళీ గుంటలు లెక్కపెడతాను, మళ్ళీ లెక్కపెడతాను. ఆయన నీళ్ళ గ్లాసుతో ఓపిగ్గా నిలబడే ఉంటారు.